దాచుకున్న పూటలు

ఆ వేసవిలో మా ఆవిడ నన్ను చూసి జాలిపడని రోజు లేదు. ఆ జాలికి నేను ఒక్క రోజు కూడా తగను.

అప్పట్లో నేను నోటుబుక్కుల ఫ్యాక్టరీలో రూళ్ళ మిషను మీద పనిచేసేవాణ్ణి. తెల్ల కాగితం ఒక పక్క నుంచి లోపలికి వెళ్ళి, వరసగా బిగించిన కలాల కింద నుంచి నీలం గీతలతో రెండో పక్కకి వచ్చేది. గీత వంకర పోకుండా చూడటమే నా ఉద్యోగం. పదిహేడేళ్ళలో నా మిషను మీద వంకర గీత వచ్చిందని ఎవరూ అనలేదు. ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

ఆ ఏడు కరెంటుకి కరువొచ్చింది. ఫ్యాక్టరీలున్న వైపు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకానే ఇస్తామన్నారు. బడులు తెరిచేలోగా పుస్తకాలు తయారవ్వాలి కాబట్టి మా యజమాని అందర్నీ ఆరింటికే రమ్మన్నాడు, ఒంటిగంటకి సైరన్ కొట్టి పొమ్మన్నాడు. జీతంలో కోత లేదు. చిన్నప్పుడు ఎండలు ముదిరి ఒంటిపూట బడి పెడితే ఎంత సంబరమో, నలభై రెండేళ్ళ వయసులో ఆ సంబరమంతా తిరిగొచ్చింది నాకు.

"రేపట్నుంచి ఆరింటికే మిషను ఎక్కాలి" అన్నాను ఆ సాయంత్రం ఇంటికొచ్చి.

"అమ్మో! ఆరు నుంచి ఆరా?" అంది మా ఆవిడ, చేతిలో బట్టలు చేతిలోనే ఉండగా. "పన్నెండు గంటలు నిలబెడితే మనిషన్నవాడు మిగులుతాడా? మీ యజమానికి కళ్ళు నెత్తికెక్కాయి."

కాదు, ఒంటిగంట దాకానే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ముందుగదిలోంచి నాన్న పిలిచాడు. "వస్తున్నా మామయ్యా" అంటూ ఆవిడ వెళ్ళిపోయింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

మా నాన్న కూడా అదే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు బైండింగు చేసి రిటైరైనవాడు. ఆ చలికాలం చివర బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి, నాలుగు నెలలు మంచం దిగకూడదన్నారు. మంచం ముందుగదిలో కిటికీ పక్కన వేశాం. అమ్మ పోయి చాలాకాలమైంది. ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం, మూత్రం డబ్బా అందించడం, అన్నీ మా ఆవిడే. పదేళ్ళ మా పాపని సెలవులకి అమ్మమ్మగారింటికి పంపేశాం.

మర్నాడు సైరన్ కొట్టగానే ఇంటికే బయలుదేరాను. దారిలో మున్సిపాలిటీ ఈతకొలను ఉంది. సైకిలాపి కంచెలోంచి చూస్తే నీళ్ళు నీలంగా, ఒక్క మనిషి కూడా లేకుండా మెరుస్తున్నాయి. ఒక్క అరగంట అనుకుని లోపలికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి అయిదున్నర. ఆ రోజు సంగతి ఇంట్లో చెప్పలేదు. రెండో రోజు చెప్పాలంటే మొదటి రోజు సంగతి కూడా చెప్పాలి కదా. వారం గడిచేసరికి చెప్పాల్సింది మోయలేనంత పెరిగిపోయింది.

ఆ కొలను దగ్గర ఈత మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఎండవేళ ఎవరూ రాకపోవడంతో ఊసుపోక నాకు వెల్లకిలా తేలడం నేర్పాడు.

"ఏం చెయ్యకండి బాబాయ్" అనేవాడు గట్టు మీద నుంచి. "మీరు ఏదో ఒకటి చేస్తున్నారు, అందుకే మునుగుతున్నారు. ఒళ్ళు నీళ్ళకి వదిలెయ్యండి."

వదిలేశాను. పదిహేడేళ్ళు నిలబడ్డ కాళ్ళు తేలిపోయాయి. ఇంట్లో మా నాన్న వెల్లకిలా పడి ఉంటే, ఆయన వీపుకి పుండ్లు పడకుండా మా ఆవిడ పౌడరు రాస్తూ ఉంటుందని, ఇక్కడ నేనూ వెల్లకిలానే ఉన్నానని అప్పుడే తట్టింది నాకు. తట్టినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరేవాణ్ణి. ఆవిడ స్నానానికి నీళ్ళు తోడి ఉంచేది. "ఏంటండీ, జుట్టంతా మందు వాసన?" అని ఒకరోజు అడిగింది. ఫ్యాక్టరీలో నీళ్ళ ట్యాంకుకి బ్లీచింగ్ చల్లారన్నాను. "పన్నెండు గంటలు నిలబెట్టింది చాలక ఆ వాసన కూడానా" అని నా తలకి నూనె రాసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి తల మీద పడ్డప్పుడల్లా నేను బిగుసుకుపోయేవాణ్ణి. అలసట అనుకునేది.

మూడో వారంలో ఒక సాయంత్రం టీ ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, కాదనకండి."

కంటి ఆసుపత్రి వాళ్ళు ఆడవాళ్ళకి శిక్షణ ఇస్తున్నారట. చూపు పరీక్షించి అద్దాల నంబరు తేల్చే పని. సోమ, బుధ, శుక్రవారాలు, రెండు నుంచి అయిదు దాకా, ఆరు వారాలు. ఆఖర్న పరీక్ష. పాసైన వాళ్ళకి అక్కడే ఉద్యోగం. చేరేనాటికి ముప్ఫై అయిదు దాటకూడదట.

"నాకు ఇంకో మూడు నెలల్లో నిండుతాయి. వచ్చే ఏడు మళ్ళీ పెట్టినా నాకు పనికిరాదు" అంది. "మామయ్య దగ్గర ఎవరైనా ఉంటే చాలు. మీకు పూట సెలవులు ఉంటాయిగా? వారానికి మూడు పూటలు. మీరెలా అంటే అలా, మీ యజమాని కాళ్ళు పట్టుకోమన్నా నేను వచ్చి పట్టుకుంటాను."

అడుగుతున్నది మూడు పూటలు. నా దగ్గర వారానికి ఆరున్నాయి. అప్పుడైనా చెప్పెయ్యొచ్చు, తిట్టేది, ఏడ్చేది, సోమవారం నుంచి క్లాసుకి వెళ్ళేది. కానీ ఆ పూటలు నావి అనిపించింది. పెళ్ళయ్యాక నాకంటూ దొరికినవి అవొక్కటే అనిపించింది. ఆవిడకి అలాంటివి ఎన్ని దొరికాయో లెక్క చూసుకోలేదు.

"ఈ సీజన్లో పూట సెలవా? గేటు దగ్గరే నవ్వుతారు" అన్నాను.

"ఒక్కటి కూడా ఇవ్వరా?"

"ఆరు నుంచి ఆరు దాకా పని చేయించుకునేవాడు ఇస్తాడా నువ్వే చెప్పు."

ఆవిడ పొరపాటున అన్న మాటనే తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ గ్లాసు తీసుకుని లేచింది. "పోన్లెండి. మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. కిటికీ పక్కన నాన్న దగ్గాడు. ఆ దగ్గు ఒట్టి దగ్గు కాదని నాకు అప్పుడు తెలియదు.

ఆ తర్వాత ఆవిడ శిక్షణ మాట ఎత్తలేదు. మానుకుందనుకున్నాను. బాధగా ఉండేది, నీళ్ళలో దిగేదాకా.

ఇంకో మూడు వారాలకి, ఒక బుధవారం వెళ్ళేసరికి కొలను గేటుకి బోర్డు వేలాడుతోంది. నీళ్ళు మారుస్తున్నారు, రెండు రోజులు సెలవు. నడినెత్తిన ఎండ. ఎక్కడికీ పోబుద్ధి కాక, రెండు దాటేదాకా గేటు పక్క చెట్టు కింద కూర్చున్నాను. ఇవాళ పూట సెలవు దొరికిందని చెప్పి ఇంటికే పోదామనుకున్నాను. అబద్ధంలో కూడా నాకే మంచి పేరు వచ్చేలా చూసుకునేవాణ్ణి.

మా ఇంటి తలుపుకి బయట తాళం వేసి ఉంది.

నాన్నకేదో అయి ఆసుపత్రికి తీసుకెళ్ళిందనుకున్నాను. అప్పుడు కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో తాళంచెవి.

"తీసుకో" అన్నాడు నాన్న లోపల్నుంచి.

తలుపు తీసి లోపలికి వెళ్ళాను. దుప్పటి తడిసి ఉంది. డబ్బా చేతికందక కింద దొర్లిపోయిందట. ఎప్పుడని అడగలేదు నేను. దుప్పటి మార్చాను, ఒళ్ళు తుడిచాను. అంతసేపూ ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు.

"కోడల్ని నేనే పంపాను" అన్నాడు చివరికి. "రానంటే బతిమాలి పంపాను. అగ్గీగిగ్గీ అంటుకుంటే కిటికీలోంచి ఎవరికైనా ఇవ్వమని తాళంచెవి నా తలగడ కింద పెట్టి వెళ్తుంది. అయిదున్నరకి బస్సు దిగి పరిగెత్తుకుంటూ వస్తుంది, పాపం."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"నువ్వేమన్నా ఆవిడతో అన్నావా?" నా వైపు తిరిగాడు. "ఈ ఊళ్ళో అయిదు సైరన్లున్నాయి. మన ఫ్యాక్టరీది బొంగురు గొంతు. ముప్ఫై ఏళ్ళు విన్నానురా. నెలపైన అది ఒంటిగంటకి కూస్తోంది. నువ్వేమో ఆరింటికొస్తున్నావు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఎక్కడికెళ్తున్నావు?"

"ఈతకి."

ఆయన కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "బకెట్లో నీళ్ళు చూసి ఏడ్చేవాడివి. నువ్వు ఈతా?" అన్నాడు. నవ్వొచ్చిందేమో, తుంటి నొప్పికి నవ్వు మింగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆవిడతో చెప్పావా నాన్నా?"

"నేను చెప్తే చాడీ అవుతుంది. నువ్వు చెప్పుకోవాల్సిందే." తర్వాత, "ఇవాళ మాత్రం నువ్వు వచ్చినట్టు తెలియనివ్వకు. నన్నిలా వదిలి వెళ్ళడం నువ్వు చూశావని తెలిస్తే రేపట్నుంచి అడుగు బయట పెట్టదు. అయిదింటికల్లా వెళ్ళిపో" అన్నాడు.

అయిదింటికి, మార్చిన దుప్పటి తీసేసి ఆ తడిదే మళ్ళీ వేసి, మా నాన్నని లోపల పెట్టి బయట తాళం వేశాను. తాళంచెవి కిటికీలోంచి ఆయన చేతికే అందించాను. ఆరింటి దాకా వీధి చివర సైకిలు షాపు దగ్గర నిలబడి, పని నుంచి వచ్చినవాడిలా ఇంటికొచ్చాను. తడి దుప్పటి ఉతికి బట్టలతో పాటు ఆరేసింది మా ఆవిడ. అందరి దగ్గరా ఒక్కో రహస్యం ఉంది, అందరం కలిసి అన్నం తిన్నాం.

ఆ తర్వాత కొలను మొహం చూడలేదు, క్లాసు లేని రోజుల్లో ఫ్యాక్టరీ గేటు దగ్గరే పొద్దుపుచ్చేవాణ్ణి. క్లాసున్న రోజుల్లో ఆవిడ ఒంటిగంటన్నరకి వెళ్ళేది, నేను వీధి చివర కాచుకుని ఉండి తర్వాత వెళ్ళేవాణ్ణి. ఆయన తాళంచెవి అందించేవాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మధ్యాహ్నాలు బాగుండేవి. మా నాన్నతో అంతసేపు నేను అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు. ఎలా తేలాలో చెప్పమని అడిగేవాడు. మంచం మీదే ఒళ్ళు వదిలేసి, "ఇలాగేనా?" అనేవాడు.

"ఆవిడకి చెప్పు" అని ప్రతిసారీ అనేవాడు. పరీక్ష అవనీ నాన్నా, చదువు పాడవుతుంది అనేవాణ్ణి. నాకు దొరికిన కొత్త సాకు అది.

నేను వచ్చిన ఆనవాలు ఉండకూడదు కదా. పని నేర్చిన చెయ్యి. డబ్బా కడిగి, ఆరబెట్టి, ఎక్కడున్నది అక్కడే పెట్టేవాణ్ణి. ఆయన తలగడ పక్కన ఆవిడ పెట్టి వెళ్ళే సీసాలో నీళ్ళు వేడెక్కిపోయేవి, అందుకని లోపల్నుంచి చల్లటి నీళ్ళు గ్లాసుతో తెచ్చి తాగించి, గ్లాసు కడిగి బోర్లించేవాణ్ణి. ఇంత శుభ్రంగా తప్పు చేసినవాడు మా వంశంలో ఉండడు.

"మామయ్య నీళ్ళు సరిగ్గా తాగడం లేదండీ" అంది ఆవిడ ఒకరోజు, దిగులుగా. "అడిగితే దాహం లేదంటున్నారు."

"ఎండలకి దాహం తగ్గుతుందిలే" అన్నాను. ఆ మాట అన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. నా ఆనవాళ్ళు దొరకలేదన్న ధీమాలో, ఆ సీసా ఆవిడకి ఏం చెప్తోందో నా బుర్రకి ఎక్కలేదు.

శిక్షణలో ఆరో వారం, బుధవారం. శనివారం మూడింటికి పరీక్ష. ఆరింటికి నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆవిడ నాన్న మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మీకో మాట చెప్పాలి. చెప్పాక కొట్టినా పడతాను."

చెప్పింది, మొత్తం. నాన్న బతిమాలడం, తాళం, తాళంచెవి.

"మొదట్లో ఒకటి రెండు సార్లు పక్క తడిసింది. ఏమీ అనలేదు ఆయన. ఆ తర్వాత నుంచి నేను వచ్చేసరికి డబ్బా పొడిగా ఉంటోంది. సీసా నిండుగా ఉంటోంది. నాకు చాకిరీ అవుతుందని, నేను చదువు మానేస్తానని, గొంతు తడుపుకోకుండా బిగబట్టుకుని పడుకుంటున్నారండీ. ఈ ఎండల్లో. డెబ్భై నాలుగేళ్ళ మనిషి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇవాళ క్లాసులో ఎవరి కళ్ళు చూసినా ఆ సీసానే కనిపించింది. క్లాసు అవగానే పేరు కొట్టించేసుకుని వచ్చేశాను. ఇక వెళ్ళను. మీకు చెప్పకుండా చేశాను, మీ నాన్నని చంపుకునేదాన్ని. నన్ను క్షమించండి."

నాన్న నన్నే చూస్తున్నాడు. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. నీళ్ళు తాగాడు, నేనే తాగించాను. ఒక్క ఊపిరిలో అయిపోయే మాట.

"పోన్లే" అన్నాను. "అయిందేదో అయింది. నేనేమీ అనుకోను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. కాసేపయ్యాక, "అమ్మా, దాహంగా ఉంది, ఆ సీసా ఇలా ఇవ్వు" అన్నాడు. ఆవిడ చూస్తుండగా గటగటా సీసా మొత్తం తాగేశాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆవిడ పెరట్లో ఉండగా నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"కొట్టేసిన పేరు మళ్ళీ రాయించొచ్చు. వెళ్ళి బతిమాలితే రాసుకుంటారు. కానీ ఆవిడ మనసులో ఉన్నది నువ్వు తీస్తే తప్ప ఆవిడ కదలదు. పోనీ నన్ను చెప్పమంటావా, చాడీ అయితే అయింది?"

"వద్దు నాన్నా. నేనే చెప్తాను. ఒట్టు."

గురువారం చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. శనివారం మాత్రం సైరన్ కొట్టీ కొట్టకముందే సైకిలెక్కి, చెప్పాలనే నేరుగా ఇంటికి వెళ్ళాను. ఒకటింపావుకి గుమ్మంలో ఉన్నాను. ఆసుపత్రికి సైకిలు మీద ఇరవై నిమిషాలు. కావలసినంత టైముంది.

ఆవిడ నన్ను చూసి తెల్లబోయింది. "ఏంటీ వేళప్పుడు వచ్చారు?"

"పూట సెలవు..." అన్నాను. కరెంటు సంగతి అక్కణ్ణుంచి ఎత్తుకోవాలని నా ఉద్దేశం.

ఆవిడ ముఖం మారిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇవాళ పరీక్ష కదా, నేను ఎలా ఉంటానోనని సెలవు పెట్టి వచ్చారా? ఆ రాక్షసుణ్ణి ఏమని అడిగారో ఏమో. ఇంత చేసినదాన్ని, నా కోసం వచ్చారా మీరు?"

ఆవిడ చేతులు తుడుచుకుని గబగబా అన్నం వడ్డించింది. మా పెళ్ళయ్యాక మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిన్న మామూలు రోజు అదొక్కటే అనుకుంటాను.

"టైమెంతయిందిరా?" అన్నాడు నాన్న ముందుగదిలోంచి.

"ఒకటీ నలభై."

ఆవిడ కూర వేసింది. వద్దన్నా ఇంకాస్త వేసింది.

"టైమెంతరా?"

"రెండుంపావు నాన్నా."

"ఎందుకో ఇవాళ మామయ్య ఊరికే టైము అడుగుతున్నారు" అంది ఆవిడ. కంచాలు తీసింది. నా పక్కన వచ్చి కూర్చుంది. కుట్టుపని తెచ్చుకుంది కానీ కుట్టలేదు.

"ఎంతయిందిరా?"

"రెండూ నలభై" అన్నాను.

ఆ తర్వాత ఆయన అడగలేదు.

వానలు పడ్డాయి, కరెంటు వచ్చింది, ఒంటిపూట పోయింది. నాన్న చేతికర్రతో నడిచాడు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాతో మామూలుగానే ఉండేవాడు, కానీ నేను ఏదైనా చేస్తానని మాటిస్తే మాత్రం "ఊఁ" అని ఊరుకునేవాడు. ఆవిడ ఆయనకి పోయేదాకా గంటకోసారి నీళ్ళు తాగించింది. దాహం లేకపోయినా ఒక్కనాడూ కాదనకుండా తాగాడు. ఉద్యోగం మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

మొన్న మా అమ్మాయి వచ్చింది. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు. వచ్చీ రాగానే మొగుడి మీద ఫిర్యాదు. ఆఫీసులో ఏదో పరీక్ష రాసుకోవాలి, పిల్లల దగ్గర ఒక్క పూట ఉండమంటే ఆయనకి సెలవు దొరకదట.

"మగవాళ్ళందరూ ఇంతేనా అమ్మా?"

"అందరూ అలా ఎందుకుంటారే" అంది మా ఆవిడ, కళ్ళజోడు సవరించుకుంటూ. మొదలుపెట్టింది. ఎన్నోసారో నేను లెక్కపెట్టడం మానేశాను. తాళం, తాళంచెవి, పొడి డబ్బా, నిండు సీసా. "కన్నతండ్రిని అలా వదిలేసి వెళ్ళానని తెలిశాక కూడా మీ నాన్న ఒక్క మాట అనలేదు. పైగా పరీక్ష రోజు పూట సెలవు పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ ఒక్క పూట కోసం ఆయన ఏమన్నా పడతాను నేను."

అమ్మాయి నా వైపు తిరిగింది. దాని కళ్ళలో నీళ్ళు.

"అది కాదే..." అన్నాను. "నేను ఆ రోజు..."

"ఊరుకోండి, మీకు పొగిడితే పడదు" అంది మా ఆవిడ. అమ్మాయితో, "చూడు, ఎప్పుడు ఈ మాటెత్తినా ఇంతే. తల వంచేసుకుంటారు" అంది.

నేను తల వంచుకునే ఉన్నాను. వాళ్ళిద్దరూ నన్ను చూసి ముచ్చటపడుతున్నారు.